‘పేషెంటు తాలూకు ఎవరు?’ అంటే ఏం చెప్పాలి

గోడపక్కమంచం
తిరుపతి · ఆదివారం, రాత్రి 11:48

నాకు 36 ఏళ్లు. బైరాగిపట్టెడలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కడినే ఉంటాను. ఇంటి నుంచే అకౌంట్స్ పని. ఆటిజం అని 33వ ఏట తెలిసింది, కిడ్నీలు రెండూ పనిచేయడం లేదని ఈ ఆషాఢంలో తెలిసింది. మొదటిది విన్నప్పుడు హాయిగా అనిపించింది, చిన్నప్పటి నుంచి తేలని లెక్క ఒకటి తేలినట్టు. రెండోది విన్నప్పుడు ఏమీ అనిపించలేదు. డాక్టరు గారు టిష్యూ పేపర్ల డబ్బా నా వైపు జరిపారు. నేను ఒకటి తీసుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాను.

ఒంట్లో ఏం జరుగుతోందో నాకు ఆలస్యంగా తెలుస్తుంది. చెప్పు బెల్టు పదేళ్లుగా మూడో బెజ్జానికే పెట్టుకుంటాను. ఒకరోజు మొదటి బెజ్జానికి కూడా అందలేదు. చెప్పు ముడుచుకుపోయిందనుకుని కొత్త జత కొన్నాను. పది రోజులకు అదీ పట్టలేదు. మార్చుకుందామని పోతే షాపాయనే అన్నాడు, ‘తప్పు చెప్పుది కాదు సార్, పాదం చూసుకోండి’ అని.

ఇప్పుడు మంగళ, గురు, శనివారాల్లో డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. సూదులు భరించగలను. ముందు చెప్పకుండా మంచం మార్చేస్తే భరించలేను, నాకు గోడ పక్కది కావాలి. మిషన్ల మోత అంతకంటే భరించలేను. ఇక కౌంటర్లో ‘పేషెంటు తాలూకు ఎవరు?’ అని అడుగుతారు. డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలుపుతారు, ఆ ఫిస్టులా ఆపరేషన్ రోజు సంతకానికి మనిషి లేడని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. ‘పేషెంటూ నేనే, తాలూకూ నేనే’ అన్నాను. జోకు అనుకుని నవ్వారు.

అమ్మ పోయి రెండేళ్లు. అన్న బెంగళూరులో. ఫోన్ చేసి ‘ధైర్యంగా ఉండు’ అంటాడు. ఎలా ఉండాలో చెప్పడు.

ఈ ఊళ్లో రోజూ వేల మంది దిగుతారు. రోడ్డు మీద నన్ను పలకరించేది వాళ్లే, అలిపిరికి ఎటు పోవాలని. నాకు అది నచ్చుతుంది. ప్రశ్న ఉంటుంది, జవాబు ఉంటుంది, అయిపోతుంది. కానీ రాత్రి గదికి వచ్చాక ఇంకో మనిషి ఊపిరి చప్పుడు ఉంటే బాగుండు అనిపిస్తుంది. నాకు మనిషి కావాలి, మాటలు వద్దు. ఇట్లా ఇంకెవరైనా ఉన్నారా?

ఏడుకొండలదాసు
తిరుపతి · సోమవారం, ఉదయం 5:20

నాయనా, స్వామి పాదాల కింద ఉండి ఒంటరితనం ఏంది సామీ? ఆర్టీసీలో ఘాట్ రోడ్డు బస్సుకు 22 ఏళ్లు కండక్టరుగా చేసినాను, ఎన్ని కష్టాలు కొండెక్కి దిగినాయో నా కళ్లతో చూసినాను. ఒకసారి అలిపిరి నుంచి నడిచి ఎక్కు, 3,550 మెట్లు, గోవింద నామం చెప్పుకుంటా. అన్నీ సర్దుకుంటాయి. మంచి సంబంధం చూసి పెళ్లి కూడా చేసుకో. ఇంట్లో ఆడమనిషి ఉంటే సంతకం బాధే ఉండదు.

పచ్చగౌను
చిత్తూరు · సోమవారం, ఉదయం 6:05

దాసు సామీ, డయాలసిస్ పేషెంటును మెట్లెక్కమంటావా? గాలిగోపురం దగ్గర బీపీ పడిపోతే మోసేది ఎవరు, నువ్వా? సంతకానికి పెళ్లి చేసుకోమనడం అయితే నేను ఎక్కడా వినలేదు.

గోడపక్కమంచం అన్నా, నేను డయాలసిస్ టెక్నీషియన్ని, పదకొండేళ్లుగా. డ్యూటీకి పోతున్నా, రాత్రికి రాస్తా. ఆ మోతల సంగతి నేను చెబుతా.

గ్రీమ్స్‌పేట అమ్మ
చిత్తూరు · సోమవారం, ఉదయం 9:30

బాబూ, చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఒక మాట, ఏమీ అనుకోవద్దు. మా వాడికి 26. మాటలు పదో పదిహేనో వస్తాయి. స్నానం నేనే చేయించాలి. నువ్వు ఇంత చక్కగా రాస్తున్నావు, ఉద్యోగం చేస్తున్నావు, జోకులు కూడా వేస్తున్నావు. నీదీ మా వాడిదీ ఒకటే పేరంటే మనసొప్పుకోవడం లేదు. ఈ మధ్య ఎవరిని చూసినా ఆటిజం అనేస్తున్నారు.

గోడపక్కమంచం
సోమవారం, ఉదయం 10:15

అమ్మా, ఏమీ అనుకోలేదు. నిన్న రాసిందానికి మూడు గంటలు పట్టింది. అదే మాట ఆస్పత్రిలో నోటితో చెప్పమంటే రాదు. పోయిన నెల మిషన్ మీద ఉండగా కాలి పిక్క మెలితిప్పింది. అరవాలని తెలుసు, అరుపు రాలేదు. పక్క మంచం తాత చూసి ‘సిస్టర్’ అని కేకేశాడు. మీవాడికి వచ్చే మాటలు పది అయితే, ఆ నిమిషంలో నాకు వచ్చేవి సున్నా. జోకు వేయాలని వేయలేదు, ఉన్నదే చెప్పాను.

కాట్పాడి ప్యాసింజర్
చిత్తూరు · సోమవారం, మధ్యాహ్నం 1:10

నాకు 41. 38వ ఏట తెలిసింది ఆటిజం అని. మధ్యలో రొమ్ము క్యాన్సర్, వేలూరులో వైద్యం, అందుకే ఈ పేరు పెట్టుకున్నా.

ముందు గ్రీమ్స్‌పేట అమ్మగారికి. మాటలు బాగా వచ్చిన పిల్లలకు ఒకప్పుడు ఆస్పర్గర్స్ అని వేరే పేరుండేది. అమెరికా డాక్టర్లు 2013లో ఆ పేర్లన్నీ కలిపి ఒకే ఆటిజం స్పెక్ట్రమ్ చేశారు. మన 2016 వికలాంగుల హక్కుల చట్టంలో కూడా ఆ పేరే ఉంది. పేరు ఒకటైనంత మాత్రాన కష్టాలు ఒకటి కావు, మీ కష్టం నేను మోయలేను. కానీ మా తరంలో ఊరి బళ్లలో ఈ మాట తెలిసినవాళ్లే లేరమ్మా. మమ్మల్ని ‘మొండిది’, ‘పొగరు’ అనేశారు. ఇప్పుడు కొత్తగా పుట్టుకొచ్చినవాళ్లం కాదు.

తమ్ముడూ, నీకు. ‘నొప్పి పదికి ఎంత?’ అని అడుగుతారు చూడు, నేను ప్రతిసారీ ‘నాలుగు’ అనేదాన్ని. నాలుగు ఎందుకంటే మధ్యలో ఉంది, ఎవరికీ కోపం రాదు. తర్వాత ఒక నర్సమ్మ దారి చూపింది. అంకె వద్దు, ఏం చేయలేకపోతున్నావో చెప్పు అంది. అన్నం మింగగలనా, ఫోన్ చూడగలనా, పక్కకు తిరగగలనా. అది నేను చెప్పగలను. ఒక అట్టముక్క మీద రాసుకున్నా: ‘నాకు ఆటిజం. చెవుడు లేదు. జవాబు ఆలస్యం అవుతుంది, మళ్లీ అడక్కుండా కొంచెం ఆగండి. ముట్టుకునే ముందు చెప్పండి. నొప్పి ఉన్నా మొహంలో కనిపించదు.’ లామినేషన్ చేయించి మెడలో వేసుకునేదాన్ని. అందరూ చదవరు. చదివిన ఇద్దరు ముగ్గురు చాలు.

జుట్టు సంగతి కూడా చెబుతా, నీకు సంబంధం లేకపోయినా. దిండు మీద వెంట్రుకలు రాలి మెడకు తగులుతుంటే పిచ్చెక్కేది, అందుకే ఊడేదాకా ఆగకుండా గుండు చేయించేసుకున్నా. చిత్తూరులో పాలవాడి దగ్గర నుంచి అందరికీ ప్రశ్నలే. అప్పుడు బస్సెక్కి తిరుపతి వచ్చేసేదాన్ని. మీ ఊళ్లో ఆడమనిషి గుండుతో తిరిగితే ఎవరూ ఏమీ అడగరు, మొక్కు అనుకుంటారు. ఆ రెండు నెలల్లో నాలుగైదుసార్లు ఊరికే గాంధీ రోడ్డులో నడవడానికే వచ్చా.

పచ్చగౌను
సోమవారం, రాత్రి 8:40

డ్యూటీ దిగా. ఇక మోతలు.

అన్నా, మీ చేతిలో రెండు సూదులు. ఒకటి రక్తం లాగుతుంది, ఒకటి తిరిగి పంపుతుంది. నిమిషానికి సుమారు 300 మిల్లీలీటర్లు. లాగే వైపు అడ్డు తగిలితే ఒక మోత: చెయ్యి వంచారు, లేదా సూది రక్తనాళం గోడకు ఆనింది, లేదా బీపీ తగ్గింది. పంపే వైపు ఒత్తిడి పెరిగితే ఇంకో మోత: గొట్టం మెలిక పడింది, లేదా అక్కడ రక్తం గడ్డకడుతోంది. గాలి బుడగ కనిపిస్తే మరొకటి, అప్పుడు మిషనే గొట్టాన్ని బిగించి పంపు ఆపేస్తుంది. రక్తాన్ని శుభ్రం చేసే మందునీళ్ల పాళ్లు తేడా వస్తే వేరే మోత, అప్పుడు ఆ నీళ్లు మీ వైపు రాకుండా పక్కదారి పడతాయి. చివర్లో వచ్చేది టైం అయిపోయిందని. మేము రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చేది ఏ మోతకో, పరిగెత్తేది ఏ మోతకో మా నడక చూస్తే తెలిసిపోతుంది. రేపు మీ టెక్నీషియన్‌ను అడగండి, మిషన్ తెర మీద ఏ మోతకు ఏ పేరు వస్తుందో చూపిస్తాడు. మమ్మల్ని ఇది ఎవరూ అడగరు, అడిగితే సంతోషిస్తాం.

హెడ్‌ఫోన్ పెట్టుకోవచ్చు, ఫిస్టులా లేని చేత్తో. సూదికి గంట ముందు రాసే మొద్దుబారే క్రీము ఉంది, డాక్టరును అడగండి. ఫిస్టులా చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు. రోజూ దాని మీద వేళ్లు పెట్టి అదురు ఉందో లేదో చూడండి. ఆగిపోతే తెల్లారేదాకా కూర్చోకుండా ఫోన్ చేయాలి.

గోడపక్కమంచం
సోమవారం, రాత్రి 9:05

అదురు ఉంది. ఎడమ చెయ్యి దిండు కింద పెట్టి పడుకుంటే చెవికి వినిపిస్తుంది కూడా. మొదటి వారం నిద్ర పట్టలేదు. తర్వాత గుర్తొచ్చింది, మా పాత ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు ఇట్లాగే ఉండేది. ఇప్పుడు వినకపోతే నిద్ర రాదు.

మోతల గురించి రాసింది నాలుగుసార్లు చదివాను. పట్టిక తయారుచేసుకుంటున్నా. నాలుగు నెలలుగా ప్రతి మోతకూ నేను చచ్చిపోతున్నాననే అనుకున్నాను.

గ్రీమ్స్‌పేట అమ్మ
సోమవారం, రాత్రి 9:30

బాబూ, పొద్దున అన్నమాటకు బాధగా ఉంది. ‘అరుపు రాలేదు’ అన్నావే, మా వాడికీ అంతే. పోయిన ఏడాది అపెండిక్స్ పగిలేదాకా వాడు చెప్పలేదు. చెప్పలేక అనుకున్నా. తెలియకనేమో అని ఇప్పుడు తోస్తోంది.

తిండి ఎట్లా చేస్తున్నావు?

గోడపక్కమంచం
సోమవారం, రాత్రి 9:50

పెరుగన్నం. ఉప్పు బిస్కెట్లు. ఇడ్లీ, చట్నీ లేకుండా. పదేళ్లుగా ఇవే. డైటీషియన్ ఇచ్చిన కాగితంలో పెరుగు తగ్గించమని, ఉప్పు మానమని ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నా. దాని ప్రకారం నాకు మిగిలేది ఇడ్లీ ఒక్కటే.

గ్రీమ్స్‌పేట అమ్మ
సోమవారం, రాత్రి 10:10

మా వాడు తెల్లగా ఉన్నవే తింటాడు. ఒకేసారి రెండు మార్చామా, మూడు రోజులు పస్తే. అందుకే ఒక్కటే మార్చు, మిగతావి అట్లాగే ఉంచు. ముందు బిస్కెట్లు. అదే ఆకారంలో ఉప్పు లేనివి దొరుకుతాయేమో చూడు. మూడు వారాలయ్యాక పెరుగు, అదే గిన్నెలో, రెండు చెంచాలు తక్కువ. కాగితం రాసినామెకు నువ్వు తినేది మూడు రకాలేనని చెప్పావా? చెప్పకపోతే అందరికీ ఇచ్చే కాగితమే ఇస్తారు.

సచివాలయంలో డయాలసిస్ పెన్షన్‌కు రాశావా? నెలకు 10,000 వస్తుంది. ఆటిజం సర్టిఫికెట్ ఉంటే నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ ఇన్సూరెన్సు కూడా, ఏడాదికి లక్ష దాకా. అది పిల్లలకే అనుకుంటారు, కాదు, మా వాడికి రెన్యూవల్ చేయిస్తూనే ఉన్నా.

పచ్చగౌను
సోమవారం, రాత్రి 10:20

అమ్మ చెప్పింది కరెక్టు. ఉప్పు ముందు తగ్గాలి, ఉప్పు ఉంటే దాహం ఆగదు. ఎప్పుడైనా కూరగాయ తింటే ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయండి, పొటాషియం కొంత పోతుంది. అరటిపండు, కొబ్బరినీళ్లు వద్దు. తాగే నీళ్లు డాక్టరు చెప్పిన కొలత పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టుకోండి, రోజుకు అదే.

గోడపక్కమంచం
సోమవారం, రాత్రి 11:30

ఇది రాయాలో వద్దో తెలియడం లేదు. రేపు పోవద్దనుకుంటున్నాను. చావాలని కాదు. ఈసారి గోడ పక్క మంచం ఇవ్వలేమని సాయంత్రం ఫోన్లో చెప్పారు. బట్టలు వేసుకోవడం, ఆటో పిలవడం, కౌంటర్లో ఆ ప్రశ్న, ఇవన్నీ తలుచుకుంటే మంచం దిగబుద్ధి కావడం లేదు. ఒక్కసారి మానేస్తే ఏమవుతుంది?

పచ్చగౌను
సోమవారం, రాత్రి 11:34

అన్నా, మంగళవారం మాత్రం వద్దు. శనివారం తర్వాత వారంలో అదే పెద్ద గ్యాప్. రేపు మానేస్తే ఐదు రోజులు అవుతుంది. పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఏ సూచనా లేకుండానే. చెప్పు బెల్టు కథ మీరే రాశారు కదా. ఇది చెప్పు బెల్టులా ముందుగా కనిపించదు.

నిర్వాహకులు
సోమవారం, రాత్రి 11:38

చావాలని లేదన్నారు, ఆ మాటే నమ్ముతున్నాం. అయినా మనసు బరువెక్కితే టెలీ మానస్ 14416 ఉంది, రాత్రింబగళ్లు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఆయాసం, గుండె దడ, కండరాల నీరసం వస్తే ఇక్కడ రాయొద్దు, 108కి చేయండి.

గోడపక్కమంచం
సోమవారం, రాత్రి 11:41

ఫోన్లో మాట్లాడలేను. అదే కదా.

కాట్పాడి ప్యాసింజర్
సోమవారం, రాత్రి 11:44

అయితే ఇక్కడే ఉండు. నేను మేలుకునే ఉంటా. ఏమీ రాయక్కర్లేదు, గంటకోసారి ఒక చుక్క పెట్టు చాలు.

ఏడుకొండలదాసు
సోమవారం, రాత్రి 11:52

నాయనా, నేను కొర్లగుంటలో ఉంటా, నీకు దగ్గరే. పొద్దున నేను చెప్పిన మెట్ల మాట, పెళ్లి మాట వదిలేయ్. రేపు ఎన్ని గంటలకు పోవాలో చెప్పు, ఆటో ఎత్తుకొని వస్తా. ఆస్పత్రి దాకా వచ్చి గమ్మున కూర్చుంటా. సంతకం కావాలంటే పెడతా. మాట్లాడను, ఒట్టు.

గోడపక్కమంచం
మంగళవారం, రాత్రి 12:30

.

గోడపక్కమంచం
మంగళవారం, రాత్రి 1:30

. ఆస్పత్రి గేటు దగ్గర, 6:15కి. ఇంటికి వద్దు.

కోర్టుగుమాస్తా
చిత్తూరు · మంగళవారం, ఉదయం 8:00

ఆలస్యంగా చూశాను. సంతకం గురించి ఒక్క ముక్క. మేజరైన మనిషి స్పృహలో ఉండి తన మంచిచెడ్డలు తాను ఆలోచించుకోగలిగితే వైద్యానికి అతని సమ్మతే సమ్మతి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అక్కడ పేషెంటు మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత ఒప్పించుకున్నారు, అది చెల్లదన్నారు. ఆటిజం ఉన్నంత మాత్రాన ఈ హక్కు పోదు. తోడు మనిషిని అడగడం ఆస్పత్రుల అలవాటు, జాగ్రత్త కోసం. కిడ్నీ మార్పిడి సంగతి వేరు, 1994 చట్టం ప్రకారం దగ్గరి బంధువు కాని దాత అయితే కమిటీ అనుమతి కావాలి. చనిపోయినవారు దానం చేసిన అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించారా?

గోడపక్కమంచం
మంగళవారం, సాయంత్రం 4:20

ఇంటికి వచ్చాను. వరుసగా చెబుతాను.

దాసు గారు 6:10కే గేటు దగ్గర ఉన్నారు. 6:15 అనుకున్నాం. ఐదు నిమిషాలు ముందు రావడం కూడా నాకు ఇబ్బందే. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నా.

కోర్టుగుమాస్తా గారూ, మీరు రాసింది ఆటోలో తిరిగి వస్తూ చదివాను. చట్టం సరే, ఆ కిటికీ వెనక అమ్మాయికి నేను సుప్రీంకోర్టు తీర్పు చదివి వినిపించలేను. జీవన్‌దాన్‌లో ఇంకా లేదు, డాక్టరును అడుగుతాను. ఇక పొద్దున సంగతి. ‘పేషెంటు తాలూకు ఎవరు?’ అని కిటికీ వెనక అమ్మాయి అడిగింది. దాసు గారు బళ్లో హాజరు పిలిచినట్టు చెయ్యెత్తారు. ‘ఏమవుతారు?’ అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ‘కండక్టరని రాయమ్మా’ అన్నారు. ఆమె ఏదో రాసుకుంది. తర్వాత చూస్తే ‘ఫ్రెండ్’ అని ఉంది.

గోడ పక్క మంచం దొరకలేదు. మధ్యది. మాట్లాడనని ఒట్టు పెట్టిన మనిషి 40 నిమిషాలు మాట్లాడారు. చిల్లర గురించి, టికెట్ మిషన్లు రాకముందు టికెట్ కట్టల గురించి, ఇంట్లో ఆమె పోయాక వంట నేర్చుకోవడం గురించి. నేను జవాబు చెప్పలేదు. ఆయనకు జవాబు అక్కర్లేదని ఇరవై నిమిషాలకు అర్థమైంది. మోత వచ్చింది. తెర చూశాను, పంపే వైపు ఒత్తిడి. మోచెయ్యి సరిచేసుకున్నాను, ఆగిపోయింది. ఎవరినీ పిలవలేదు. తర్వాత దాసు గారు స్టూలు మీదే నిద్రపోయారు. గురక. గురక ఒకే లయలో ఉంటుంది, మిషన్ కంటే నయం. మిగిలిన మూడు గంటలు అది విన్నాను.

పచ్చగౌను
మంగళవారం, సాయంత్రం 5:00

తెర చూసి మీరే మోత ఆపారా! మా కొత్త పిల్లలకు మీ చేత క్లాసు చెప్పించాలి.

ఏడుకొండలదాసు
మంగళవారం, సాయంత్రం 6:15

6:15 అయ్యేదాకా ఆగి రాస్తున్నా. మాట తప్పినందుకు క్షమించు నాయనా, నోరు ఆగదు, కండక్టరు నోరు. గురువారం కూడా వస్తా. నీకు ఏం మాట్లాడితే ఇష్టమో చెప్పు.

గోడపక్కమంచం
మంగళవారం, సాయంత్రం 7:00

కపిలతీర్థం ధార. 2011 నుంచి వానాకాలంలో రోజూ రాసుకునేవాడిని, ఎన్ని పాయలు పడుతోంది, నీళ్లు ఏ రంగు అని. నోటుపుస్తకాలు ఆరున్నాయి. ఈ ఏడు డయాలసిస్ వల్ల పొద్దున పోలేకపోతున్నా. ఆషాఢం నుంచి పేజీలు ఖాళీ.

ఏడుకొండలదాసు
బుధవారం, ఉదయం 5:56

కపిలతీర్థం. రెండు పాయలు. ఎడమది సన్నం.

గోడపక్కమంచం
బుధవారం, ఉదయం 5:58

రాసుకున్నా. రంగు?

ఏడుకొండలదాసు
బుధవారం, ఉదయం 5:59

టీ రంగు. పాలు తక్కువ.